ఇందులో మీ గెలాక్సీ ఏది సార్?

ప్రొద్దుటూరులో కూరగాయల అంగడికి పోయినా, దర్జీ దగ్గరికి పోయినా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "మేడమ్, అంత పెద్ద టెలిస్కోపులో సూసినారు గదా, ఏం కనిపిచ్చింది?"

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను టెలిస్కోపుకు కన్ను ఆనించలేదు. పట్టపగలు, ఫ్యాను కింద, కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరో తీసిన కొలతలను అనుమానించడం నా పని. స్టాటిస్టిక్స్ చదువుకున్నదాన్ని. నాకు జీతం ఇచ్చింది అనుమానించమనే. గట్టిగా అనుమానించిన రోజున మాత్రం ఎవరికీ నచ్చలేదు.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు "మీ అనుభవాలు రాయండి మేడమ్" అన్నారు. రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో మీకు అక్కర్లేదు, నాకూ గుర్తు లేదు. వయసు మీదపడితే కోపం తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు. కోపం ఉండగానే రాస్తే కనీసం నిజం రాస్తాను.

మేం చేసే పని

మన పాలపుంత చుట్టూ చిన్న చిన్న గెలాక్సీలు తిరుగుతుంటాయి. వాటిని మరుగుజ్జు గెలాక్సీలు అంటాం. కొన్నింటిలో కొలవడానికి దొరికే నక్షత్రాలు ఒక చిన్న పల్లెలో జనమంత కూడా ఉండవు. పాలపుంత వాటిని లాగుతుంది. దగ్గరి వైపును గట్టిగా లాగుతుంది, దూరపు వైపును కాస్త తక్కువగా. ఆ తేడా వల్ల చిన్న గెలాక్సీ సాగుతుంది. సాగి సాగి చీలిపోతుంది, నక్షత్రాలు ముందుకొక తోకలా, వెనక్కొక తోకలా జారిపోతాయి. సముద్రంలో ఆటుపోట్లు తెచ్చేదీ చంద్రుడి లాగుడులో ఇలాంటి తేడానే. మా జిల్లాకు సముద్రం లేదు కాబట్టి మా పిల్లలకు ఇది చెప్పడం కొంచెం కష్టమయ్యేది.

ఒక గెలాక్సీ చీలిపోతోందో లేదో ఎందుకు తెలియాలి? నక్షత్రాల వేగాన్ని బట్టే మేం గెలాక్సీ బరువు కడతాం. చీలిపోతున్నదాని మీద ఆ తూకం పనిచేయదు. తూకం తప్పితే, అందులో కంటికి కనపడని పదార్థం ఎంతుందో చెప్పే మాటలన్నీ గాలిమాటలే. అందుకే ఈ ప్రశ్న మీద ప్రపంచంలో చాలామంది పనిచేస్తున్నారు. అందుకే "చీలిపోతోంది, నేను కనిపెట్టాను" అనడానికి అందరికీ అంత తొందర.

గుండ్రటిది గుండ్రంగా రాదు

మీరు మొదటిరోజే నేర్చుకోవలసింది ఇది. ఒక పళ్ళెంలో గుప్పెడు జొన్నలు చల్లండి. ఆ గింజల గుంపు పొడవు ఎంతో, వెడల్పు ఎంతో కొలవండి. రెండూ సమానంగా రావు. మళ్ళీ చల్లండి, మళ్ళీ ఏదో ఒక వైపు పొడుగ్గానే వస్తుంది. మీ చెయ్యి వంకర కాదు, జొన్నల తప్పూ లేదు. గింజలు తక్కువైతే గుండ్రం రాదు, అంతే. బస్తా కుమ్మరిస్తే వస్తుంది.

మరుగుజ్జు గెలాక్సీలో మనకు దొరికేవి గుప్పెడు గింజలే. నిజంగా గుండ్రంగా ఉన్నది కూడా కొలిస్తే సాగినట్టే కనిపిస్తుంది. కాబట్టి సాగినట్టు కనిపించగానే ఎగిరి గంతేయకూడదు. అన్నే నక్షత్రాలతో, కంప్యూటర్లో, గుండ్రటి నకిలీ గెలాక్సీలు వేలకొద్దీ తయారు చేయాలి. వాటిలో ఎన్ని మన గెలాక్సీ అంత సాగినట్టు కనపడుతున్నాయో చూడాలి. చాలా కనపడితే నోరు మూసుకోవాలి. ఈ చివరి మెట్టు దగ్గరే పెద్దపెద్దవాళ్ళు జారిపడతారు.

పులివెందులలో నేను మొదట చేరిన ఒక చిన్న కాలేజీ ప్రిన్సిపాల్ ఫలితాలు రాగానే నన్ను పిలిచేవాడు. "ఓబులమ్మా, ఏ సెక్షన్‌కు బాగొచ్చిందో సూసి, దాన్నొక్కదాన్నే బోర్డు మీద రాపిచ్చు" అనేవాడు. నేను నవ్వుకునేదాన్ని. అదే పనిని గెలాక్సీలతో చేసే ప్రొఫెసర్ల దగ్గర పనిచేశాక ఆ నవ్వు పోయింది. ఆ ప్రిన్సిపాల్ పాపం, దాన్ని విజ్ఞానశాస్త్రం అనలేదు.

దొంగగుర్తు

మాది సింహాద్రిపురం పక్క గొర్రెల ఇల్లు. మేపుకు దూరం పోయేముందు ప్రతి ఇంటివాళ్ళూ తమ గొర్రెలకు రంగుతో గుర్తు వేస్తారు. ఒకరు వీపు మీద, ఒకరు తొంటి మీద, ఒకరు మెడ మీద. వేసిన గుర్తును తోటివాళ్ళకు చూపించాకే మంద కదలాలి. దారిలో మందలు కలిసిపోవడం మామూలే. కలిసినప్పుడు గుర్తే తీర్పు చెబుతుంది.

ఒకసారి మా చిన్నాయన ఈ పద్ధతి తప్పాడు. నీళ్ళ దగ్గర రెండు మందలు కలిసినప్పుడు గుర్తు లేని గొర్రెపిల్లలు కొన్ని కనపడితే, వాటి మీద మా గుర్తు వేసేశాడు. అవతలివాళ్ళు ఊరుకుంటారా? పంచాయితీ పెట్టారు. పెద్దమనిషి గుర్తు ఉందా లేదా అని చూడనే లేదు. "గుర్తు ఎప్పుడేసినావప్పా?" అని అడిగాడు.

"నా గొర్రెలు నాకు తెలవ్వా మామా?" అన్నాడు చిన్నాయన.

"తెలిస్తే కలవకముందే ఎయ్యాల. కలిసినాక ఏసేది దొంగగుర్తు."

చిన్నాయన ఆ పిల్లలను తిరిగి ఇచ్చి, తన పొట్టేలు ఒకటి కలిపి ఇచ్చుకున్నాడు. ఇంటికొచ్చి నెల్లాళ్ళు అందరినీ తిట్టాడు. అవి తనవేనని ఆయన నిజంగానే నమ్మాడు. దొంగగుర్తు వేసేవాళ్ళలో చాలామంది నమ్మే వేస్తారు, అదే వాళ్ళతో వచ్చే చిక్కు.

గెలాక్సీని చూసేటప్పుడు మధ్యలో పాలపుంత నక్షత్రాలు అడ్డం వస్తాయి. ఏవి దానివి, ఏవి మనవి? ఎంత మసక నక్షత్రం దాకా లెక్కలోకి తీసుకోవాలి, మధ్యనుంచి ఎంత దూరం దాకా తీసుకోవాలి? ఈ హద్దులను బొమ్మ చూడకముందే గీసుకోవాలి. చూశాక గీసే హద్దు మా చిన్నాయన గుర్తు లాంటిదే. నా దగ్గర పనిచేసిన ప్రతివాళ్ళకూ ఈ మాట చెప్పాను. విన్నవాళ్ళు తక్కువ. విన్నవాళ్ళలో అందరికంటే గట్టిగా విన్న పిల్ల సలోమి.

సలోమి

జమ్మలమడుగు పిల్ల. ముత్తాతల కాలంలో మిషనరీ దొరసానులు నడిపిన బడిలో చదువు మొదలుపెట్టిన కుటుంబం. వాళ్ళింట్లో ఆడవాళ్ళందరూ టీచర్లే. తల్లి కూడా ఎలిమెంటరీ బడి టీచరు. ఆ ఇంట్లో డాక్టరేటు దాకా వచ్చిన మొదటి మనిషి సలోమి. నేను అప్పటికి పనిచేస్తున్నది జిల్లా బయట ఒక విశ్వవిద్యాలయంలో. దాని పేరు రాయను, ఊరూ రాయను. సలోమికి గైడు మా శాఖాధిపతి. స్టాటిస్టిక్స్ చూసుకోవడానికి నేను కో-గైడును.

శాఖాధిపతికి ఒక గెలాక్సీ ఉండేది. "నా గెలాక్సీ" అనేవాడు, ఇంటి ముందు వేసుకున్న బండి గురించి అన్నట్టు. అది సాగిపోయిందని, పాలపుంత దాన్ని చీలుస్తోందని ఎప్పుడో ఒక పేపరు రాశాడు. ఆ ఒక్క పేపరు మీదే కుర్చీ, పేరు, ఊరూరా ఉపన్యాసాలు. కోస్తా మనిషి, మాట తీరు సొగసుగా ఉండేది. మా మాట వింటే పెదవి చివర నవ్వేవాడు. సలోమి "సార్, ఈడ ఒక సందేహం ఉండాది" అంటే, "ఉండాదా? అయితే ఉండనీ" అని పక్కవాళ్ళను నవ్వించేవాడు. పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు కూడా. అప్పటినుంచే నాకు ఒళ్ళు మండేది.

ఆ గెలాక్సీ కొలతలనే మళ్ళీ తీసి, తోకలు ఎంత దూరం పోయాయో చెప్పమని సలోమికి పని ఇచ్చాడు. సాగిందా లేదా అన్నది ఆయన లెక్కలో ప్రశ్నే కాదు. సలోమి మాత్రం నేను నేర్పిన వరసలోనే పోయింది. ముందు హద్దులు గీసుకుంది. తర్వాత నకిలీలు చేసింది. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి కూర్చుంది.

"మేడమ్, సార్ తీసుకున్న హద్దు పెడితేనే పొడుగు వస్తాంది. కొంచెం ఇటు జరిపినా రాదు, అటు జరిపినా రాదు. ఆయప్ప హద్దే పెట్టినా గూడ, గుండ్రంటి నకిలీల్లో శానావాటికి అంతే పొడుగు వస్తాంది."

"చీలిపోలేదు అంటావా?"

"అట్ల అనను మేడమ్. చీలిపోతాందని ఈ నక్షత్రాలతో చెప్పలేం అంటా. అంతకు మించి నాకు తెలీదు."

చదివే పిల్లల్లారా, ఈ మాటను రెండుసార్లు చదవండి. మన వృత్తిలో ఇంతకంటే నిజాయితీ అయిన వాక్యం లేదు. "లేదు" అనడం వేరు, "ఉందని చెప్పలేం" అనడం వేరు. శాఖాధిపతికి ఈ తేడా తెలియక కాదు. తెలుసుకుంటే నష్టం కాబట్టి తెలుసుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడు. "నీ నకిలీలు నకిలీలేనమ్మా. నా గెలాక్సీని నేను కళ్ళు మూసుకుని గుర్తుపడతాను" అన్నాడు.

సలోమి ఆ మాట పట్టుకుంది.

గోడమీద బొమ్మలు

థీసిస్ ఇచ్చేముందు శాఖలో అందరి ఎదుటా ఒక సెమినారు ఇవ్వాలి. ఆ రోజు సలోమి గోడ నిండా బొమ్మలు అంటించింది. అన్నీ ఒకే కొలతవి, తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు. ఒక్కటి మాత్రమే నిజమైన గెలాక్సీ. మిగతావన్నీ కంప్యూటర్లో చేసిన గుండ్రటివి. అన్నింటినీ ఇష్టమొచ్చిన దిక్కుకు తిప్పి పెట్టింది. దొంగను గుర్తుపట్టమని పోలీసులు మనుషులను వరసగా నిలబెడతారే, ఆ పద్ధతి.

సంగతంతా వివరించి, శాఖాధిపతి వైపు తిరిగి, ఏ వెటకారమూ లేకుండా అడిగింది. "ఇందులో మీ గెలాక్సీ ఏది సార్?"

ఆయన నవ్వుతూ లేచాడు. గోడ దగ్గరికి పోయి, కళ్ళజోడు సవరించుకుని, ఒకదాని మీద వేలు పెట్టాడు. పెట్టి మా అందరి వైపూ తిరిగాడు. "చూడండి, ఈ సాగుదల చిన్నపిల్లవాడికి కూడా కనపడుతుంది."

అది నకిలీ.

సలోమి ఆ కాగితం తీసి వెనక రాసింది చూపించింది. ఆయన ముఖం ఎర్రబడింది. "నువ్వు తిప్పేశావు. దిక్కు మార్చేసి నన్ను మోసం చేశావు" అన్నాడు.

"సార్, తిప్పితే సాగుడు యాడికి పోతాది? పొడుగు ఉంటే యా దిక్కు తిప్పినా పొడుగే గదా" అంది సలోమి.

దీనికి జవాబు ఉంటే ఈ రోజుకైనా ఎవరైనా నాకు చెప్పండి. నేను లేచి, పిల్ల చేసింది సరైన పరీక్ష, లెక్కకు నాదీ పూచీ అని చెప్పాను. నా తర్వాత ఇంకెవరైనా లేస్తారని నిలబడే చూశాను. ఆ గదిలో లెక్క తెలిసినవాళ్ళు కొదవ కాదు. బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. బయటికి వచ్చాక వరండాలో మాత్రం ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, "బ్రహ్మాండంగా చేసింది మేడమ్" అని చెవిలో చెప్పి పోయారు. నాకు శాఖాధిపతి మీద కంటే వాళ్ళ మీద కోపం ఎక్కువ. ఆయన తన కుర్చీని కాపాడుకున్నాడు. వీళ్ళు దేన్ని కాపాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

తగ్గడం

ఆయన థీసిస్ మీద సంతకం పెట్టనన్నాడు. సలోమి అందరిలో తనను అవమానించిందట. క్షమాపణ చెప్పాలట, ఆ అధ్యాయం తీసేయాలట. రెండూ చేస్తే ఆ రోజే సంతకం పెడతానన్నాడు. గైడు సంతకం లేని థీసిస్‌ను ఆఫీసు తీసుకోదు. గైడును మార్చుకోవాలంటే, మారడానికి అభ్యంతరం లేదని ఆ గైడే రాసివ్వాలి. తాళమూ తాళంచెవీ ఒకరి దగ్గరే పెట్టిన ఈ నియమం ఎవరు రాశారో గాని, వాళ్ళెన్నడూ ఒక విద్యార్థి ముఖం చూసి ఉండరు.

ఒక కమిటీ వేశారు. అందులో ఒక పెద్దాయన నాకు నచ్చజెప్పాడు. "ఆడపిల్ల, కాస్త తగ్గితే పోయేదేముంది? నెగ్గినా తగ్గినా డిగ్రీ డిగ్రీయే కదా." నేను అన్నాను, "ఆ అధ్యాయంలో ఒక్క తప్పు చూపించండి, నేనే చింపేస్తాను." ఆయన ఆ అధ్యాయం చదవలేదు. కమిటీలో ఎవరూ చదవలేదు.

సలోమి తల్లి జమ్మలమడుగు నుంచి వచ్చింది. బడికి సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని, నా గది బయట నిలబడింది. లోపలికి రమ్మన్నా కూర్చోలేదు. "అమ్మా, మీరు పెద్దోళ్ళు. ఆ సార్ కాళ్ళు పట్టుకుంటే పోతాదంటే చెప్పండి, నేను పట్టుకుంటా. ఇన్నేండ్లు చదివింది తల్లీ."

సలోమి పక్కనే ఉంది. "నువ్వు పట్టుకున్యావంటే ఈ పుస్తకాలన్నీ ఈడనే ఇడ్సిపెట్టి పోతా మా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "క్షమాపణ చెప్తా లే. దానికేముండాది" అంది.

చెప్పింది. ముగ్గురమూ కలిసే ఆయన గదికి వెళ్ళాం. సలోమి చేతులు కట్టుకుని, "అందరి ముందర అట్ల అడిగినందుకు క్షమించండి సార్" అంది. ఆయన తల పంకించి, పెన్ను మూత తీశాడు. "అధ్యాయం?"

"అది ఉంటాది సార్. అడిగిన తీరు తప్పని ఒప్పుకుంటా. లెక్క తప్పు గాదు."

ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు.

నేను ఎక్కని మెట్టు లేదు, రాయని అర్జీ లేదు. పోయిన ప్రతిచోటా ఒకటే మాట, "గైడు సంతకం తెప్పించుకోండి మేడమ్." ఆయన ప్రాజెక్టుల్లో ఇకపై నా పేరు ఉండదని చెప్పేశాను. ఆయనకు వేరే స్టాటిస్టిక్స్ మనిషి దొరికాడు. బొమ్మ చూశాక హద్దు గీసేవాడు. సలోమి రిజిస్ట్రేషన్ గడువు అట్లాగే దాటిపోయింది.

కొన్నేళ్ళకు వేరే దేశంవాళ్ళు మరింత మసక నక్షత్రాల దాకా కొలిచారు. గుప్పెడు గింజలు బస్తా అయ్యాయి. గెలాక్సీ గుండ్రంగానే ఉంది. మా శాఖాధిపతి సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? "మా శాఖలో ఈ అనుమానం ముందునుంచే ఉంది" అని సభలో చెప్పాడు. మా శాఖలోనట! ఆ అనుమానానికి ఒక పేరు ఉంది, జమ్మలమడుగులో ఇల్లు ఉంది. ఆ పేరు ఆయన నోట రాలేదు.

నా రిటైర్మెంటు సభకు ఆయనే అధ్యక్షుడు. శాలువా కప్పబోతే చేత్తో ఆపేశాను. "చలి లేదు సార్" అన్నాను. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వాల్సిన రోజున నవ్వలేదు గాని, ఇప్పుడు నవ్వొచ్చింది వాళ్ళకు.

కొత్తగా వస్తున్న పిల్లల్లారా, లెక్క మీకు ఎవరైనా నేర్పుతారు. ఆ గదిలో లేచి నిలబడడం ఎవరూ నేర్పరు. మీ పక్కన ఒక సలోమి సరైన మాట చెప్పినప్పుడు వరండా దాకా ఆగొద్దు. అక్కడే, అప్పుడే, అందరూ వినేటట్టు చెప్పండి. ఆ రోజు ఇంకో ముగ్గురు లేచి ఉంటే ఆయన పెన్నుకు మూత పెట్టగలిగేవాడు కాదు.

సలోమి ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది. ఈ మధ్య ఒకరోజు, పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచింది. వెళ్ళాను. తన పాఠం అయ్యేదాకా వెనక బెంచీలో కూర్చున్నాను. గట్టిగా, తేటగా చెబుతోంది. పాఠం చివర నన్ను "డాక్టర్ ఓబులమ్మ మేడమ్" అని పరిచయం చేసింది. ముందు బెంచీలో ఒక పిల్ల లేచి సలోమిని అడిగింది.

"మేడమ్, మరి మీరు డాక్టరేటు చేయలేదా?"

జవాబు నేనే చెబుదామని లేవబోయాను. సలోమి చేతిలోని చాక్‌పీసు బల్లమీద పెట్టి, ఆ పిల్ల వైపు నేరుగా చూసింది.

"చేసినానమ్మా," అంది. "ఇయ్యలేదు."